శని ఆదివారాల కరెంటు

లింకన్ వీధిలో ఏ ఇంటివాళ్ళు ఏ కంపెనీ దగ్గర కరెంటు కొనుక్కోవాలో చెప్పేది ఒరాలియా. లారెడో అనే ఆ సరిహద్దు ఊరంతా స్తంభాలూ తీగలూ ఒక్క కంపెనీవే. ఆ తీగల్లో పారే కరెంటు అమ్మేవాళ్ళు మాత్రం లెక్కలేనంతమంది. రాత్రిళ్ళు ఉచితమని ఒకడంటాడు, మొదటి ఎండాకాలం సగం ధరేనని ఇంకొకడంటాడు. చేరితే క్రిస్మస్‌కి టర్కీ కోడి పంపుతామని ఒక కంపెనీ ఇంటింటికీ మనుషుల్ని తిప్పింది. అసలు సంగతి ఎప్పుడూ కాగితం అడుగున, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాలు చదివే ఓపిక వీధి మొత్తం మీద ఒరాలియాకే ఉంది.

ఆమె పంటి డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర పనిచేస్తుంది. పొద్దస్తమానం ఇన్సూరెన్సు కంపెనీలతో ఫోనులో పోట్లాడే ఉద్యోగం. అందుకని కాగితం ఎక్కడ అబద్ధమాడుతుందో ఆమెకి వాసన తెలుస్తుంది. ఒకసారి చెల్లెలు నెల్దాని ఒక కంపెనీ చెప్పాపెట్టకుండా రెట్టింపు ధరలోకి తోసేస్తే, ఒరాలియా ఫోను చేసి, పైవాళ్ళని పిలిపించి, క్షమాపణ చెప్పించి మరీ పాత ధర రాబట్టింది. అప్పటినుంచీ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక వాళ్ళ వంటింటి బల్ల చుట్టూ జనమే. భర్త లారీ మీద ఉత్తరాదికి వెళితే వారాల తరబడి రాడు. కూతురు మరీబెల్ శాన్ ఆంటోనియోలో నర్సు చదువు. ఆ బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "ఇది వద్దు, ఇది తీసుకో" అని చెబుతుంటే ఒరాలియాకి ఎంత తృప్తిగా ఉండేదో ఎవరికీ తెలియదు. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టేసేది.

అయితే ఈమధ్య ఆమె చేరిన కంపెనీ ఒకటి కొత్త పద్ధతి పెట్టింది. మన పేరు మీదున్న కోడ్ వాడి ఎవరైనా చేరితే, మన బిల్లులో కొంత కొట్టేస్తారు. ఆ కంపెనీ ప్లాను ఏమిటంటే శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా కరెంటు ఉచితం. మిగతా రోజుల్లో ధర మాత్రం బాగా ఎక్కువ. వారమంతా ఇల్లు తాళం వేసి ఉద్యోగానికి పోయే ఒరాలియాకి అది సరిగ్గా సరిపోయింది. వీధిలో అలాంటి వాళ్ళే ఇంకో నలుగురైదుగురు ఉంటే వాళ్ళనీ చేర్పించింది. ప్రతిసారీ తన కోడే వేసింది. కోడ్ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాళ్ళకి నష్టమేమీ లేదు కదా అనుకుంది.

ఆ వసంతంలో పక్కింటి ఫెర్మీన్ భార్య చనిపోయింది. ఆమె పేరు చేలో. ఫెర్మీన్ సరిహద్దు వంతెన దగ్గర గోదాముల్లో నలభై ఏళ్ళు సరుకు దింపించి రిటైరయిన మనిషి. చర్చిలో మరీబెల్‌కి జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతండ్రిగా, అంటే దేవుడి ఎదుట రెండో తండ్రిగా, నిలబడ్డది ఆయనే. ఆనాటి నుంచి ఆయన ఒరాలియాని "కొమాద్రే" అనీ, ఆమె ఆయన్ని "కొంపాద్రే" అనీ పిలుచుకుంటారు. ఆ వరస కలిశాక, అక్కడి మర్యాద ప్రకారం, తండ్రంత వాడైనా ఆయన ఆమెని మీరు అనే అంటాడు.

కరెంటు, నీళ్ళు, బ్యాంకు అన్నీ చేలోనే చూసుకునేది, సందేహమొస్తే ఒరాలియాని అడిగేది. ఆమె పోయిన కొన్నాళ్ళకి కాంట్రాక్టు గడువు తీరిపోయి, కంపెనీ ఇష్టం వచ్చిన ధర వేసింది. ఫెర్మీన్ ఆ బిల్లు పట్టుకుని ఒరాలియా ఇంటికి వచ్చాడు. అది మరీబెల్ చదువు పూర్తయిన వేడుకకి శాన్ ఆంటోనియో బయలుదేరుతున్న రోజు. ఒరాలియా ఒక చేత్తో గౌన్లు పెట్టెలో కుక్కుతూ, రెండో చేత్తో ఫోను అందుకుంది.

"చూడండి కొమాద్రే, ఇదేదో ఎక్కువ వచ్చినట్టుంది. నాకు అర్థం కాలేదు. చేలో ఉంటే..." అని ఆగిపోయాడు.

"నేనున్నా కదా కొంపాద్రే. కూర్చోండి, అయిదు నిమిషాల పని."

ఆమె ఎప్పుడూ మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంట్లో పగలు ఎవరుంటారు? ఆ రోజు అడగలేదు. అడగనక్కర్లేదు, ఆమెకి తెలుసు. ఫెర్మీన్ పగలంతా ఇంట్లోనే ఉంటాడు. వేళ్ళు అలవాటుగా తన కంపెనీ పేరు మీదికే వెళ్ళాయి. మామూలు రోజుల ధర తెర మీద కనిపించింది. ఇది ఈయనకి పనికిరాదు అని ఒక్క క్షణం మనసులో స్పష్టంగా అనిపించింది కూడా. ఆ వెంటనే వేడుక ఖర్చులు గుర్తొచ్చాయి, హోటలు గది గుర్తొచ్చింది. మగమనిషి ఒక్కడు, ఎంత వాడతాడులే అనుకుంది. కోడ్ వేసింది.

"నాకున్నదే మీకూ పెట్టాను. రెండేళ్ళ దాకా చూసుకోనక్కర్లేదు. శని ఆదివారాలు పూర్తిగా ఉచితం."

"మీరు మంచిదంటే మంచిదే. నాకు కళ్ళజోడు కూడా అక్కర్లేదు," అని ఫెర్మీన్ ఫోను మీద ఆమె చూపించిన చోట వేలితో సంతకం పెట్టి, మరీబెల్‌కి ఇమ్మని ఒక కవరు బల్ల మీద ఉంచి వెళ్ళాడు.

ఎండలు ముదిరాయి. జూన్ నుంచి వీధిలో ఒక వింత మొదలయింది. భార్య పోయి మూలన కూర్చుంటాడనుకున్న ఫెర్మీన్ శనివారం వస్తే ఇల్లు పెళ్ళివారిల్లు చేసేవాడు. తలుపులు తెరిచేవాడు, ఏసీ హోరెత్తేది, కరెంటు పొయ్యి మీద పెద్ద గిన్నెల్లో చిక్కుడు గింజలు, మాంసం కూర ఉడుకుతుండేవి. దారిన పోయేవాళ్ళని పిలిచి కూర్చోబెట్టేవాడు. జనం తింటుంటే తను ఒక పక్కన వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ కబుర్లు చెప్పేవాడు.

"బట్టలుంటే తెచ్చుకో నెల్దా, మిషన్ ఖాళీగానే ఉంది. కరెంటు ఊరికే వస్తోంది," అనేవాడు.

"మీ ఇంట్లో నా బట్టలు ఆరేస్తే ఊరు ఏమనుకుంటుందండీ?" అనేది నెల్దా. బడి వంటశాలలో పనిచేసే మనిషి, నోటికి తాళం లేదు. "ముందు ఉంగరం కొనండి, తర్వాత మిషన్ సంగతి చూద్దాం."

అందరూ నవ్వేవాళ్ళు. ఫెర్మీన్ చెవులు ఎర్రబడేవి. "అంతా మా కొమాద్రే చలవ," అని ఒరాలియా వైపు చూపించేవాడు. "ఈ కరెంటు ఆమె పెట్టించిందే."

ఆ మాట విన్నప్పుడల్లా ఒరాలియా పళ్ళెంలోకి తల దించుకునేది. కానీ మనిషి హుషారుగానే ఉన్నాడు, ఇల్లు చల్లగానే ఉంది. తనే అనవసరంగా కంగారు పడిందని సర్దిచెప్పుకునేది. చేలో ప్రాణంలా పెంచుకున్న కెనరీ పిట్టని ఫెర్మీన్ పంజరంతో సహా నెల్దాకి ఇచ్చేస్తే, "పాపం, దాని పాట వింటే ఆమె గుర్తొస్తుందేమో" అని అందరితో పాటు ఒరాలియా కూడా అంది.

ఆగస్టులో ఒక బుధవారం మధ్యాహ్నం, డాక్టరుగారికి చేతి తొడుగులు అయిపోతే తేవడానికి ఒరాలియా దగ్గర్లోని పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్ళింది. బయట నిలబడితే చెప్పుల అడుగులు అంటుకుపోయేంత వేడి. లోపల మందుల కౌంటర్ పక్కన, బీపీ చూసుకునే మిషన్ దగ్గర, ప్లాస్టిక్ కుర్చీలో ఫెర్మీన్ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, ఒళ్ళో టోపీ. చర్చికి వచ్చినట్టున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. నిద్రపోతున్నాడు.

ఆమె అలా చూస్తుంటే కౌంటర్ వెనక అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "మీకు తెలిసినవారా అండీ?"

"మా పక్కింటాయన. ఒంట్లో బాగాలేదా?"

"అదే మాకూ తెలియడం లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వస్తారు. ఏమీ కొనరు. ఊరికే కూర్చుంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారని కాబోలు, మధ్యమధ్యలో లేచి బీపీ చూసుకుంటారు. సాయంత్రం దాకా అంతే. ఇంట్లో ఎవరూ లేరేమో అనుకున్నాం."

ఆ మాటలకి ఫెర్మీన్ కళ్ళు తెరిచాడు. ఒరాలియాని చూడగానే లేచి నిలబడ్డాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయిన మనిషి మొహం ఎలా ఉంటుందో అలా అయింది ఆయన మొహం.

"మందు కోసం వచ్చాను కొమాద్రే. ఆలస్యమవుతుందన్నారు."

"నేను ఇంటి దగ్గర దింపుతాను రండి."

"వద్దు, వద్దు. ఇప్పుడే వెళ్ళి ఏం చేస్తాను?"

"రండి కొంపాద్రే."

కారులో ఇంటికి తీసుకొచ్చింది. ఇంటి తాళం తీయడానికి ఆయన చాలాసేపు తీసుకున్నాడు, ఆమె వెళ్ళిపోతుందేమోనని చూస్తున్నట్టు. తలుపు తెరవగానే లోపలి గాలి పెనం మీంచి వచ్చినట్టు మొహానికి కొట్టింది. కిటికీలన్నిటికీ వెండి రేకు కాగితం అంటించి ఉంది. ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, తీగ గోడ నుంచి పీకేసి ఉంది. పక్కన నేల మీద ఒక ఐసు పెట్టె. అందులో కరిగిన నీళ్ళలో శనివారం వండిన కూర డబ్బాలు రెండు తేలుతున్నాయి.

ఇంత వేడిలో పిట్ట బతకదని అప్పుడు తట్టింది ఒరాలియాకి.

"ఎప్పటినుంచి ఇలా?" అంది.

"మొదటి బిల్లు చూశాక. తప్పు మీది కాదు," అన్నాడు ఫెర్మీన్ గబగబా, ఆమె ఏదో అనబోతే ఆపుతున్నట్టు. "మీరు మంచిదే పెట్టారు. అందరికీ బాగానే ఉంది కదా. వాడుకోవడం నాకే చేతకాలేదు. చేలో అయితే సర్దుకునేది. శని ఆదివారాల్లో పనులన్నీ కానిచ్చేస్తే మిగతా రోజులు ఎలాగో గడిచిపోతాయి. కొమాద్రే, ఒక్క మాట. ఆ కుర్చీలో కూర్చుంటున్న సంగతి ఎవరికీ చెప్పకండి."

"చెప్పను," అంది ఒరాలియా.

అప్పుడే చెప్పేయవచ్చు. నాకు ఆ రోజే తెలుసు కొంపాద్రే, తెలిసే పెట్టాను అనడానికి ఎన్ని మాటలు కావాలి? నోరు రాలేదు. ఆఫీసులో పని ఉందని చెప్పి వచ్చేసింది. చేతి తొడుగులు కొనడం మరిచిపోయిందని సగం దారిలో గుర్తొచ్చింది.

మర్నాడు ఒక అబద్ధం తయారు చేసుకుని వెళ్ళింది. కంపెనీ వాళ్ళు పద్ధతులు మార్చారట, ఆ ప్లాను తీసేస్తున్నారట, అందుకని ఇంకొకదానికి మారాలి అని. గడువు లోపల మానేస్తే పడే జరిమానా తనే చడీచప్పుడు లేకుండా కట్టేద్దామనుకుంది. వారమంతా ఒకే ధర ఉండే ప్లాను ఒకటి చూసి పెట్టుకుంది. ఆయనకి మొదటి రోజే చూపించాల్సినది అది.

ఫెర్మీన్ వరండా నీడలో కూర్చుని అంతా విన్నాడు. టోపీ అంచు తిప్పాడు.

"మారితే మీకు వచ్చేది ఆగిపోదా?" అన్నాడు.

ఒరాలియా చేతిలోని ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు వచ్చేదేమిటి?"

"జూన్‌లో నేనే ఫోను చేశాను వాళ్ళకి, మానేద్దామని. ఆ అమ్మాయి చెప్పింది. మిమ్మల్ని చేర్పించిన స్నేహితురాలికి బిల్లులో తగ్గింపు ఇస్తున్నాం, మీరు మధ్యలో మానేస్తే అది వెనక్కి తీసుకుంటాం అంది. సరేలే అని పెట్టేశాను." ఆయన ఆమె వైపు చూడలేదు. "ఇన్నేళ్ళూ మా కాగితాలన్నీ చూసిపెట్టారు. చేలో ఎప్పుడూ అంటుండేది, ఒరాలియాకి ఏదైనా ఇద్దామంటే తీసుకోదు, ఎట్లా అని. పోనీ ఇట్లాగైనా మీకు కాస్త అందుతోంది కదా అనుకున్నాను. మంచిదే కదా."

ఒరాలియా కూర్చున్న చోటనే తల దించుకుంది. ఆయన తిట్టినా బాగుండేది. తన బిల్లులో తగ్గిన ఆ కాసిని డాలర్ల కోసం ఈ మనిషి ఎండాకాలమంతా మందుల దుకాణంలో కునికిపాట్లు పడ్డాడు. అదీ తనమీద అభిమానంతో. ఆమె మొదటిసారి నిజం చెప్పింది. ఆ రోజు ధర చూశాను, మీకు పనికిరాదని తెలుసు, అయినా పెట్టాను అంది. చెప్పేటప్పుడు కళ్ళెత్తలేదు.

ఫెర్మీన్, "ఊరికి వెళ్ళే తొందరలో ఉన్నారు ఆ రోజు," అన్నాడు.

అక్కడే కూర్చుని ఆయన ఫోనులోంచే కొత్త కంపెనీకి మార్చింది. జరిమానా ఆయన వద్దంటున్నా తన కార్డు మీద కట్టింది. ఫ్రిజ్ తీగ గోడకి పెట్టి, ఏసీ వేసి వచ్చింది. అంతటితో అయిపోయిందనుకుంది.

శనివారం ఫెర్మీన్ ఎప్పటిలాగే వీధినంతా పిలిచాడు. ఇప్పుడు కరెంటు ఉచితం కాదన్న సంగతి తెలిసింది ఒరాలియాకి ఒక్కదానికే. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళింది. గది నిండా మనుషులు. నెల్దా తోర్తియా రొట్టెలు కాలుస్తూ, కొత్తగా వీధిలోకి వచ్చిన ఒక జంటని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఇదుగో, ఈమే మా అక్క. కరెంటు విషయంలో ఈమె మాట దాటితే మీరు మునిగినట్టే. ఎవరి దగ్గరా పైసా ఆశించని మనిషి. ఫెర్మీన్ గారిని చూడండి, ఎంత దర్జాగా బతుకుతున్నారో. అంతా ఈమె పుణ్యమే."

కొత్తావిడ ఆశగా బిల్లు తీసింది. అందరూ చూస్తున్నారు. ఒరాలియాకి ఆ చూపులు భరించరానివయ్యాయి. లేచి నిలబడింది.

"నా మాట వినకండి," అంది. "నేను ఊరికే చెయ్యలేదు ఇదంతా. నా కోడ్ మీద చేరిన ప్రతివాళ్ళ పేరు మీదా నా బిల్లు తగ్గింది."

నవ్వుతున్నవాళ్ళు ఆగారు. నెల్దా అట్లకాడ చేతిలో అలాగే పట్టుకుని, "మా ఇంటి మీద కూడానా?" అంది.

"మీ ఇంటి మీద కూడా. అది కాదు, ఇంకా ఉంది. కొంపాద్రేకి పనికిరాదని తెలిసీ పెట్టాను. ఆయన ఏసీ వేసుకోలేక ఎండాకాలమంతా సూపర్ మార్కెట్‌లో బీపీ మిషన్ దగ్గర కూర్చున్నాడు, రోజూ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. ఫ్రిజ్ కూడా ఆపుకున్నాడు. వారమంతా ఐసు పెట్టెలో దాచిన కూరే తిన్నాడు, మీరేమో..."

ఇంకా ఏదో చెప్పబోయి ఆమె ఫెర్మీన్ మొహం చూసింది.

ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరి వైపూ చూడడం లేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి దాన్ని ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు. "మీరు తినండి," అని మెల్లిగా అని, పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఎవరూ తినలేదు. పళ్ళేలు అక్కడే పెట్టి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొత్త జంట అందరికన్నా ముందు వెళ్ళింది. నెల్దా మాత్రం ఉండి గిన్నెలు కడిగి, వరండాలో నిలబడి ఉన్న అక్క దగ్గరికి వచ్చింది.

"డబ్బు సంగతి ముందే చెబితే నేనేమైనా అనేదాన్నా? పోన్లే, అది వేరు," అంది. "నీ సంగతి నువ్వు చెప్పుకున్నావు, బానే ఉంది. ఆయన సంగతి ఎందుకు చెప్పావే?"

"చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది, నేను ఎంత..."

"అదే. నువ్వు ఎంత చెడ్డదానివో మాకు తెలియాలని ఆయన్ని నడివీధిలో నిలబెట్టావు."

ఎవరికీ చెప్పనని ఒరాలియా ఆయనకి మాటిచ్చిన సంగతి నెల్దాకి తెలియదు. తెలిస్తే ఇంకేమనేదో.

ఆ తర్వాత ఆదివారాలు ఆమె వంటింటి బల్ల ఖాళీ అయిపోయింది. ఎవరూ ఆమెతో మాట్లాడడం మానలేదు. పలకరింపులు మునుపటిలాగే ఉన్నాయి. కాగితాలు మాత్రం రాలేదు. వాళ్ళ బిల్లులు ఇప్పుడు నెల్దా కొడుకు చూస్తున్నాడని విన్నది. కొందరి ఇళ్ళకి ఆమె తనే వెళ్ళి, తగ్గింపు తీసుకున్నానని చెప్పి, కావాలంటే ఇచ్చేస్తానంది. "ఇప్పుడెందుకులే ఒరాలియా" అన్నారు వాళ్ళు, తలుపు దగ్గరే నిలబెట్టి. ఆ మర్యాదే ఆమెకి ఎక్కువ కష్టంగా ఉండేది.

ఫెర్మీన్ ఇంట్లో శనివారం విందులు ఆగిపోయాయి. చర్చిలో ఆయన ముందు వరుస వదిలి వెనక తలుపు దగ్గర కూర్చుంటున్నాడు. జనం జాలిగా భుజం తడితే తొందరగా బయటికి వెళ్ళిపోతున్నాడు. ఏసీ మాత్రం నడుస్తోంది. ఒరాలియా పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు గోడ పక్కన నిలబడి ఆ చప్పుడు వినేది. అది వింటే కొంచెం ఊరటగా ఉండేది. ఊరట పడినందుకు మళ్ళీ సిగ్గేసేది.

సెప్టెంబరులో ఒక రోజు మధ్యాహ్నం భోజనం వేళ ఆమె ఆఫీసు నుంచి వచ్చి ఆయన తలుపు తట్టింది. చేతిలో ఏమీ తీసుకెళ్ళలేదు. తీసుకెళితే దాని వెనక దాక్కున్నట్టవుతుందనిపించింది.

ఫెర్మీన్ తలుపు తీసి, కుర్చీ చూపించాడు. ఇల్లు చల్లగా ఉంది. కిటికీల మీద రేకు కాగితాలు తీసేశాడు. కాఫీ ఇవ్వలేదు.

"ఎండ నాకు కొత్త కాదు కొమాద్రే," అన్నాడాయన. "గోదాముల్లో ఇంతకన్నా ఎక్కువ చూశాను. మీరు పెట్టిన ప్లాను కూడా మరిచిపోగలను. ఎవరికైనా ఒక్కోసారి బుద్ధి అట్లా తిరుగుతుంది. కానీ ఎవరికీ తెలియదనే కదా నేను పొద్దున్నే చొక్కా ఇస్త్రీ వేసుకుని, తల దువ్వుకుని వెళ్ళేది. మందుల కోసం వచ్చిన వాడిలా ఉండేవాణ్ణి. ఇప్పుడు ఏ కొట్టుకి వెళ్ళినా కూర్చోమంటున్నారు."

"మాటిచ్చి తప్పాను," అంది ఒరాలియా.

"అవును."

క్షమించమని అడుగుదామని వచ్చింది. అడిగితే ఆయన సరేనంటాడని ఆమెకి తెలుసు. ఆ మంచితనం మీద ఇంకోసారి బరువు మోపడం ఇష్టం లేకపోయింది. అడగలేదు. భోజనం వేళ అయిపోయేదాకా కూర్చుని లేచింది. ఆయన మళ్ళీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. గుమ్మం దాకా వచ్చి, ఆమె మెట్లు దిగేదాకా నిలబడి, తలుపు వేసుకున్నాడు.

తర్వాతి వారం అదే వేళకి ఆమె మళ్ళీ వెళ్ళి తట్టింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడయింది. కాస్త ఆలస్యమైంది కానీ తలుపు తీశాడు.